ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు

మా నాయన ఉపదేశి. పాస్టరు కాడు. పాస్టరయ్య గుత్తిలో ఉండేవాడు. నెలకొకసారి రాప్తాడులో బస్సు దిగి, నాలుగు మైళ్ళు నడిచి మా ఊరికి వచ్చి, రొట్టె, ద్రాక్షరసంతో ప్రభు భోజనం ఇచ్చి పోయేవాడు. మిగిలిన ఆదివారాల ప్రసంగాలు, పిల్లలకు అక్షరాలు, జ్వరాలకు ప్రార్థనలు, చావులకు గోతి దగ్గర నిలబడడం అన్నీ నాయన పనే. గుడి పక్కన మాకొక గది, దాని వెనక వంటకు చిన్న చప్పరం ఉండేవి.

నాకు పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా ఈ ప్రాంతంలోని సంఘాలన్నీ ఒకటి కావాలన్న మాట మొదలైంది. గుత్తి నుంచి కణేకల్ దాకా ఒక్కో మిషను వాళ్ళు ఒక్కో కాలంలో వచ్చి, ఒక్కో పేటలో గుడి కట్టి పోయారు. ఒకరిది చిలకరించే బాప్తిస్మం, ఒకరిది ముంచే బాప్తిస్మం. ఒకరు పాటకు చప్పట్లు కొడతారు, ఇంకొకరు అది తప్పంటారు. ఇట్లా విడివిడిగా ఉంటే సారాయి అంగడి ఎత్తించలేము, ఆడపిల్లలను బడికి పంపలేము, కరువు పనుల్లో మన పేటలకు పని అడగలేము, అందరం కలిసి ఒక్క గొంతుతో అడగాలి అని పాస్టరయ్య చెప్పేవాడు. నాయన ఆ మాటను పట్టుకున్నాడు. పట్టుకున్నాక నిద్ర తగ్గింది, తిండి తగ్గింది. ఎవరింటికి పోయినా అదే మాట.

మొదటి కూటం గుత్తిలో జరిగింది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని మినిట్సు పుస్తకం నా చేతికిచ్చారు. ఐదుగురి ముందు నోరు తెరవాలంటే నాకు అరచేతులు చెమట పడతాయి. కానీ రాసే మనిషిని ఎవరూ చూడరు. గోడకు ఆనుకొని కూర్చుని అందరి మాటలూ వినవచ్చు. ఆ చోటు నాకు నచ్చింది. పుస్తకంలో రాయకూడనివి ఇంటికి వచ్చాక నా డైరీలో రాసుకునేదాన్ని.

"మునిగే బాప్తిస్మమే సరైందని మేమంటాం" అని ముంచే సంఘం పెద్ద ఒకాయన లేచాడు.

"మునిగేదానికి నీళ్ళు యాడుండాయప్పా?" అన్నాడు వెనక నుంచి ఎవరో. "ఈ ఏడు చిలకరించేదానికే కష్టంగా ఉండాది."

లేచిన పెద్ద కూడా నవ్వి కూర్చున్నాడు. సగం తగవు ఆ నవ్వులోనే పోయింది.

తక్కిన సగం మా ఊళ్ళో ఉంది. ఊరికి తూర్పున మా పైపేట. దిగువన వంక ఒడ్డున వంకపేట. ఊరి పెద్దల లెక్కలో మా రెండు పేటలూ ఒకటే. ఊరిబావి మాకూ లేదు, వాళ్ళకూ లేదు. అయినా మా పేటవాళ్ళు వంకపేట ఇంట్లో మంచినీళ్ళు ముట్టరు. మాకంటే వాళ్ళు తక్కువని మా తాతల కాలం నుంచి ఉన్న మాట. మా గుడి ఒక మిషనుది, వాళ్ళ గుడి వేరే మిషనుది కాబట్టి ఆదివారం కూడా ఆ మాటకు ఎక్కడా దెబ్బ తగల్లేదు.

పాస్టరయ్య దాన్నే పట్టుకున్నాడు. "ఊరిబావికాడికి పోయి మమ్మల్ని తోడుకోనీయండి అని అడగబోతాండాం. ముందు మీ రెండు పేటలోళ్ళు ఒకరి నీళ్ళు ఒకరు తాగండప్పా అని వాళ్ళంటే మన మొగం యాడ పెట్టుకుంటాం?" అన్నాడు. అందుకని అన్ని సంఘాలూ కలిసి తీసుకునే మొదటి ప్రభు భోజనం మా ఊళ్ళోనే జరగాలని, రసం తాగే గిన్నె అందరికీ ఒక్కటే ఉండాలని తీర్మానం చేశారు.

దానికి మా పేటను ఒప్పించడానికి మూడు కూటాలు పట్టింది. మా గుడి గోడలకు రాళ్ళు మోసిన తరంలో మిగిలింది ఒక్క పెద్దవ్వ. ఆమె ఒప్పుకుంటే పేట ఒప్పుకున్నట్టే. మూడో కూటంలో ఆమె కర్ర నేలకు పొడిచి చెప్పింది.

"గిన్నె ఒకటే అయితే కానీ. పెదవుల సంగతి ప్రభువు చూసుకుంటాడు. రసం మాత్రం మా అయ్యవారమ్మ చేతి మీద కావాల. నీళ్ళు మా బావివే కావాల."

అయ్యవారమ్మ అంటే మా అమ్మ. అప్పుడు వంకపేట పెద్ద ఒకాయన నింపాదిగా అన్నాడు: "సరే అవ్వా, మీ నీళ్ళే తాగుతాం. ఉప్పు కొనుక్కునే పని తప్పుతాది."

మా బావి నీళ్ళు ఉప్పన. వాళ్ళ బావి వంక పక్కన ఉండడంతో నీళ్ళు తియ్యగా ఉంటాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. మా పేటవాళ్ళు ఎవరూ నవ్వలేదు.

"రసము పైపేట ఉపదేశిగారి ఇంట, పైపేట బావి నీటితో తయారగును" అని నేను రాశాను. నాయన నా భుజం మీదుగా వంగి చదివి, పోయి తన చోట కూర్చున్నాడు. ఆ షరతు ఆయనకు సిగ్గుగా ఉందని నాకు తెలుసు. కాదంటే మొత్తం కూలిపోతుందనీ తెలుసు.

నాయనకు అసలు భయం పెద్దవ్వతో కాదు, అమ్మతో. ఈ మాట మొదటిసారి ఇంట్లో ఎత్తిన రోజు అమ్మ రాగిపిండి కలుపుతూ, "వాళ్ళ ఎంగిలి తగిలిన గిన్నె నా నోటికాడికి తెస్తావా?" అని అడిగింది. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. నాయన నెల రోజులు బతిమాలాడు. "నీ పెండ్లామే తాగదు, నువ్వు మాకేం చెప్పొచ్చినావంటారు. అప్పుడు ఈ పనంతా వట్టిదే" అన్నాడు. చివరికి ఒక రోజు అమ్మ, "వస్తాలే. గిన్నె పట్టుకుంటా" అంది. ఆ రోజు నాయన రెండు సంగటి ముద్దలు తిన్నాడు.

ఎండుద్రాక్ష గుత్తిలో సాయిబు అంగడిలో కొన్నాం. ప్రభు భోజన సంస్కారానికి ద్రాక్షరసం మాకెక్కడ దొరుకుతుంది? ఎండుద్రాక్ష ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, పిసికి, గుడ్డలో వడగడితే అదే మా రసం. సాయిబు పొట్లం కడుతూ, "ఏమప్పా, ఇన్ని కిస్‌మిస్‌లు తీసుకుంటాండావు, పాపకు పెండ్లా?" అన్నాడు. నేను తల దించుకున్నాను.

"కాదు భాయ్, మా గుళ్ళన్నీ ఒకటయితాండాయి" అన్నాడు నాయన.

"అట్లయితే పెండ్లే. అలకలు ముందు తీర్చుకోండి" అని సాయిబు గుప్పెడు ఎక్కువ వేశాడు.

ఆ ఏడు రెండు కార్తెలు వాన లేక వట్టిగా పోయాయి. శనివారం తెల్లవారగానే అమ్మ నన్ను బిందె ఇచ్చి పంపింది. మా బావిలో చేద వేస్తే అడుగున రాయి తగిలిన చప్పుడు వచ్చింది. పైకి లాగితే బురద. పక్కకు వేశాను, మళ్ళీ బురద. తెల్లవారకముందే ఎవరో ఉన్న నీళ్ళన్నీ తోడుకుపోయినట్టున్నారు. ఊట ఊరడానికి మధ్యాహ్నం కావాలి. అప్పటిదాకా ఆగితే ద్రాక్ష నానదు. మర్నాడు పొద్దున పిసికితే రసం రాదు. బయటి ఊళ్ళ నుంచి జనం రాత్రికే దిగుతారు.

ఖాళీ బిందెతో వంక వైపు ఎందుకు నడిచానో నేను చెప్పలేను. వంకలో చెలమ ఏదైనా దొరుకుతుందేమో అనుకున్నాను. వంకపేట బావి దగ్గర నాతో అనంతపురం హాస్టల్లో రెండేళ్ళు చదివిన అమ్మాయి నీళ్ళు చేదుతోంది. హాస్టల్లో మేమిద్దరం పక్కపక్క చాపల మీద పడుకునేవాళ్ళం. నా పుస్తకాలు ఆమె, ఆమె పుస్తకాలు నేను చదివేవాళ్ళం. ఊరికి వచ్చాక దూరం నుంచి తల ఊపుకోవడమే.

"మీ బావి అడుగంటిందంటనే" అంది. "ఇట్లా పెట్టు బిందె."

నేను పెట్టాను. ఆమె పోసింది. నీళ్ళు బిందెలో పడుతున్నంతసేపూ నా బుర్రలో ఒక్కటే తిరిగింది. రేపు అందరం ఒకే గిన్నెలో తాగబోతున్నాం కదా, ఈ రోజు ఈ నీళ్ళయితే ఏం? అది నాకు చాలా సరైన మాటగా తోచింది. పుస్తకంలో ఆ షరతు రాసింది నేనేనన్న సంగతి ఇంటి గడప దాటేటప్పుడు గుర్తొచ్చింది. అప్పటికి అమ్మ కట్టెలకు పోయింది. నేను ద్రాక్ష కడిగి, కుండలో వేసి, నీళ్ళు పోసి మూత పెట్టాను. 

పది గంటలకు అమ్మ మిగిలిన నీళ్ళతో సంగటికి ఎసరు పెట్టింది. అలవాటుగా వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఈ నీళ్ళు యాడివి?"

నేను చెప్పాను. అమ్మ ఎసరు తీసుకుపోయి పెరట్లో పారబోసింది. బిందెలో మిగిలినవీ పారబోసింది. ద్రాక్ష కుండ దగ్గరికి వచ్చి మూత తీసి చూసింది. ద్రాక్ష అప్పటికే ఉబ్బడం మొదలైంది.

"ఇంకా ఉండాయా, ఎండువి?"

"లేవమ్మా. అన్నీ వేసేసినా."

అమ్మ చాలాసేపు ఆ కుండను చూస్తూ నిలబడింది. పారబోస్తే రేపు సంస్కారం లేదు. పేటకు చెబితే పెద్దవ్వ లేచిపోతుంది, ఆమె వెనక పేటంతా లేచిపోతుంది. చెప్పకపోతే వాళ్ళకు మాట ఇచ్చి మోసం చేసినట్టు. ఇవన్నీ అమ్మ ముఖంలో నాకు కనబడ్డాయి. ఆఖరికి మూత పెట్టేసింది.

"మీ నాయనకు చెప్పొద్దు. చెప్తే ఆయన దాచలేడు. రేపు పొద్దున అందరి ముందర లేసి చెప్పేస్తాడు."

ఆదివారం గుడి చాలక బయట వేపమండల పందిరి వేశారు. గుత్తి వాళ్ళు, కణేకల్ వాళ్ళు, మధ్య ఊళ్ళవాళ్ళు వచ్చారు. ఎవరి చోటు వాళ్ళు వెతుక్కోకుండా పాస్టరయ్య వచ్చినవాళ్ళను వచ్చినట్టు వరుసలో కూర్చోబెట్టాడు. పెద్దవ్వకు ఒక పక్క వంకపేట ముసలామె. రెండో పక్క అమ్మ, అమ్మ పక్కన నేను.

గిన్నె ముందు మగవాళ్ళ వరుసలో తిరిగింది. నాయన తాగి, ఒక్క క్షణం ఆగి, పక్కాయనకు ఇచ్చాడు. తర్వాత మా వరుసకు వచ్చింది. వంకపేట ముసలామె తాగి పెద్దవ్వకు ఇచ్చింది. పెద్దవ్వ కళ్ళు మూసుకుని గుక్క తీసుకుంది. నోట్లో నాలుక కదలడం నాకు కనబడింది.  మింగి, గిన్నె అమ్మకు ఇచ్చింది.

అమ్మ గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. పైకెత్తింది. పెదవులకు అంగుళం దూరంలో వంచింది, తిప్పింది, తల కొంచెం వెనక్కి వాల్చింది. గొంతు కదల్లేదు. కొంగుతో పెదవులు తుడుచుకుని నాకు ఇచ్చింది. పెదవులు పొడిగా ఉన్నాయి.

నేను తాగాను. రసం ఎంత తియ్యగా ఉందంటే నాకు భయం వేసింది. చిన్నప్పటి నుంచి మా గుళ్ళో తాగిన రసంలో ఎప్పుడూ సన్నగా ఉప్పు తగిలేది. ఇప్పుడది లేదు. తాగిన ప్రతి పైపేట మనిషికీ తెలిసిపోయి ఉంటుంది. ఒక్కొక్కరి ముఖం చూశాను. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఎవరూ లేవలేదు. ఆఖరి పాట అయ్యేదాకా ఎవరో ఒకరు లేస్తారనే కూర్చున్నాను.

ఆ రోజు నాయన ఆనందం చూడలేకపోయాను. "మిగతా వాళ్ళ సంగతి వదిలెయ్. మీ అమ్మ తాగింది పాపా. అది చాలు నాకు" అని నాతో మూడుసార్లు అన్నాడు. అమ్మ గిన్నెలు తోముతోంది. తల ఎత్తలేదు. "అందరూ ఒకే గిన్నెలో తాగిరి" అని పుస్తకంలో రాయించాడు. రాశాను. డైరీలో ఆ రోజు ఏమీ రాయలేదు. రాస్తే అది జరిగినట్టే అవుతుందనిపించింది.

అంతటితో అయిపోతుందనుకున్నాను. కానీ మా సంఘాల్లో ఏ మంచి జరిగినా దానికి సాక్ష్యం చెప్పాలి. వచ్చే నెల కణేకల్‌లో కూటం. అక్కడి పేటల్లో కూడా ఇదే తగవు ఉంది. "నువ్వు లేసి నాలుగు మాటలు చెప్పాల. ముందు వద్దన్న మనిషివి నువ్వు. నీ నోటి నుంచి వస్తేనే ఆడ ఆడోళ్ళు నమ్ముతారు" అన్నాడు నాయన అమ్మతో.

"నాకు మాట్లాడేది రాదు" అంది అమ్మ.

"జరిగింది చెప్పు. అంతే కదా."

ఆ నెలంతా అమ్మ సరిగ్గా అన్నం తినలేదు. నేను అడిగితే, "ఎండకు" అంది. ఏం చెప్పబోతుందో నాకు తెలియదు. అబద్ధం చెబితే ప్రభువు ముందు దోషి, నిజం చెబితే నాయన ముందు దోషి. బస్సులో కణేకల్ దాకా ఆమె చేతిసంచి ఒడిలో గట్టిగా పట్టుకునే కూర్చుంది. మాతో పెద్దవ్వ వచ్చింది. పాటలు పాడడానికి వంకపేట నుంచి నా స్నేహితురాలు వచ్చింది. దారిలో ఒక చోట కాలువ నీళ్ళు కనబడితే బస్సులో సగం మంది లేచి నిలబడి చూశారు.

కూటంలో నాయన లేచి, "మా ఊళ్ళో ఈ పని మొదట మా ఇంట్లోనే ఆగింది. ఆ ఇల్లాలే ఆ గిన్నెలో తాగింది. ఆమె నోటితోనే వినండి" అని కూర్చున్నాడు.

అమ్మ లేచింది. చీర కొంగు నిండుగా కప్పుకుంది.

"మా ఆయన చెప్పింది ఆయనకు తెలిసిన నిజం. నేను తాగలేదు. నోటికాడికి తెచ్చుకొని తాగినట్టు చేసినా. ఆ రసంలో నీళ్ళు వంకపేట బావివి. అది నాకు ముందే తెలుసు. మా పేటకు చెప్పకుండా అందరికీ పోయించినా. నేను మాత్రం తాగలేకపోయినా." కాస్త ఆగి, "అంతే" అని కూర్చుంది.

నాయన వైపు చూసే ధైర్యం నాకు లేదు. నా చేతిలో పెన్సిలు కదల్లేదు. నీళ్ళు తెచ్చింది ఎవరో అమ్మ చెప్పలేదని అప్పుడు గమనించాను.

ముందుగా పలికింది పెద్దవ్వ. కూర్చున్నచోటి నుంచే అంది.

"ఏందమ్మే, ఆ నీళ్ళు యాడివో మాకు తెలీదనుకున్నావా? డెబ్బై ఏండ్లు ఉప్పునీళ్ళు తాగిన నాలుక ఇది. నోట్లో పడంగనే తెలిసింది."

"తెలిసీ ఎందుకు తాగినావవ్వా?" అని కణేకల్ ఆడమనిషి ఒకామె అడిగింది.

"ప్రభువు గిన్నె. నోట్లో పడినాంక ఉమ్మేయాల్నా?"

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. పెద్దవ్వ మాత్రం నవ్వలేదు. "మా వరసలో అందరికీ తెలుసు. ఎవరూ నోరు తెరవలేదు. నోరు తెరవకపోతే గడిచిపోతాదనుకున్నాం. ఇప్పుడు నువ్వు తెరిచినావు. ఇంటికి పోయినాంక మా కొడుకులు అడుగుతారు, తెలిసీ ఎట్ల తాగినావని. నేనేం చెప్పాల?"

 పాస్టరయ్య లేచి, జరిగింది జరిగిందని, ఒకరి మీద ఒకరు తప్పు మోపుకోవద్దని అన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రభు భోజనం మా ఊళ్ళో వంకపేట గుడిలో జరగాలి, రసం వాళ్ళ ఇంట్లో, వాళ్ళ నీళ్ళతో కావాలి, ఆ సంగతి ముందే రెండు పేటల్లోనూ చెప్పి పెట్టాలి అన్నాడు. "తెలిసి వచ్చేటోళ్ళు ఎంతమంది ఉంటే అంతమందే" అన్నాడు. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తారు. నాయన చెయ్యి చాలా ఆలస్యంగా లేచింది.

బయటికి వచ్చాక నా స్నేహితురాలు చెప్పుల్లో దూరిన ముల్లు తీసుకుంటూ, నా వైపు చూడకుండానే అంది: "నువ్వు బిందె పెట్టినావు, నేను పోసినా. అది దాచాల్సిన పనని నాకు తెలీదు."

నేను మినిట్సు పుస్తకం సంచిలో పెట్టుకున్నాను.  బస్సు వచ్చింది, ఆమె వెనక సీట్లో పాటలవాళ్ళతో కూర్చుంది.

నాయన, అమ్మ పక్కపక్కన, నేను వాళ్ళ ముందు సీట్లో కూర్చున్నాం.  కాలువ వెనకబడిపోయి, రెండు పక్కలా ఎండిన వేరుశనగ చేలు మొదలయ్యాయి. వెనక్కి తిరగకుండా, రోడ్డు వైపే చూస్తూ, "నాయనా, ఆ నీళ్ళు తెచ్చింది నేను" అన్నాను. బస్సు చప్పుడులో ఆయనకు వినబడిందో లేదో అనుకున్నాను.

"నాకూ తాగంగనే తెలిసింది పాపా" అన్నాడు. "నేనూ నోరు తెరవలేదు."

ఇంకా కొంత దూరం పోయాక ఆయన అమ్మను అడిగాడు.

"వచ్చే నెల వస్తావా, వంకపేట గుడికి?"

"వస్తా."

"తాగుతావా?"

"చెప్పలేను. గిన్నె చేతికొచ్చినాంక తెలుస్తాది."

నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"తాగకపోయినా సరే. తాగినట్టు మాత్రం చెయ్యొద్దు."

"చెయ్యను" అంది అమ్మ.

రాప్తాడులో దిగేసరికి పెద్దవ్వ కొడుకులు ఇద్దరు బండి కట్టుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళను చూడగానే పెద్దవ్వ నడక నెమ్మదించింది. అయినా కర్ర పొడుచుకుంటూ వాళ్ళ వైపే పోయింది. మొదటి ఆదివారానికి ఇంకా పదహారు రోజులు ఉన్నాయి.